నలభై బాదం చెట్లు

దోహా,
8 సెప్టెంబరు 1996

అక్క ఎల్లవ్వకు,

దండాలు. ఇక్కడ నేను బతికే ఉన్నాను, ఎండ కూడా బతికే ఉంది. వినాయక చవితి దగ్గరికొచ్చినా ఈ దేశానికి రోహిణి కార్తె దిగిపోలేదు. అల్ దోహా అల్ జదీదాలో మా గదిలో పదకొండుమందిమి, నల్లా ఒక్కటే. మెట్‌పల్లి బస్టాండులో సీటు కోసం తువ్వాలు వేసేవాళ్ళం గుర్తుందా, ఇక్కడ నల్లా ముందు బకెట్లు అట్లా వేసుకొని నిలబడతాము.

నీకో మంచి మాట. నాకు కాంక్రీటు పని తప్పింది. వెస్ట్ బేలో సముద్రం పక్కన మా అర్బాబ్ కొత్తగా అతిథుల బంగళా కట్టించాడు. అర్బాబ్ అంటే మా వీసా యజమాని. ఆయన సంతకం పెట్టనిదే మేము ఈ దేశం గడప దాటలేము. ఆ బంగళా గేటు నుంచి మెట్ల దాకా దారికి అటు ఇరవై, ఇటు ఇరవై బాదం చెట్లున్నాయి. మన బడి వెనుక కాయలు రాలగొట్టుకొని రాళ్ళతో పగలేసి తిన్నామే, ఆ జాతే. ఆ నలభైకి ఇప్పుడు నేనే తల్లి, నేనే తండ్రి. అక్కడే ఒక బావి ఉంది, మోటారు ఉంది, పొడుగాటి పైపు ఉంది. నీళ్ళు పెట్టడమే నా డ్యూటీ.

అంతా బాగుందనుకుంటే వారం నుంచి వేడి గాలి దుమ్ము మోసుకొచ్చి ఆకు మీద పోస్తోంది. ఆకు పెళుసెక్కి చిరుగుతోంది, రాలుతోంది. మా ఫోర్‌మన్ లియాఖత్ అలీ నిన్న చెట్ల కింద చెత్త చూసి, "పత్తా గిరా తో తేరా ఛుట్టీ భీ గిరా" అన్నాడు. ఆకు రాలితే నా సెలవు కూడా రాలినట్టేనట. జనవరి పన్నెండుకు నాకు రెండేళ్ళు నిండుతాయి. ఆ రోజు కోసమే కదా ఇన్ని రోజులు మింగింది.

నువ్వు ఎనిమిదేళ్ళప్పటి నుంచి బీడీలు చేస్తున్నావు. తునికాకు ముట్టని రోజు నీకు లేదు. ఎర్రటి ఎండల్లో కూడా నీ చాటలో ఆకు మెత్తగా ఉంటుంది. ఆకు పెళుసెక్కకుండా ఏం చేస్తావో రాయి.

రాణి రెండో తరగతికి వచ్చింది కదా. నా ముఖం గుర్తుందా దానికి? తల్లి లేని పిల్లని నీ కొంగుకు కట్టి వచ్చాను, నీ రుణం ఎట్లా తీరుతుందో తెలియదు.

నీ తమ్ముడు,
లింబాద్రి


తాళ్ళపేట,
28 సెప్టెంబరు 1996

దుబాయ్ తోటమాలి లింబాద్రికి,

ఖతర్ అని నువ్వు ఎన్ని ఉత్తరాల్లో రాసినా ఊరికి అది దుబాయే. మొన్న కార్ఖానాలో సేటు కూడా "మీ తమ్ముడు దుబాయిల ఏం చేస్తుండు" అని అడిగాడు. చెట్లకు నీళ్ళు పోస్తున్నాడంటే నవ్వాడు. ఇంటి ముందు తులసికి ఏనాడూ చెంబెడు పోయనివాడు సముద్రం దాటి నలభై చెట్లను సాకుతున్నాడంటే నాకూ నవ్వొచ్చింది.

ఆకు సంగతి అడిగావు. ఆకు ప్రాణం తడిలో ఉంటుందిరా. మేము తునికాకు కట్ట విప్పగానే నీళ్ళు చల్లుతాము, తడి గోనెసంచిలో చుట్టి పెడతాము, అప్పుడే అది కత్తెర కింద వంగుతుంది. తడి లేని ఆకు ఎంత మంచిదైనా వేలి కింద విరిగిపోతుంది. నువ్వు వేర్లకు పోసి వదిలేస్తున్నావు. పొద్దూకాక పైపు ఎత్తి ఆకు మీద చల్లు. పైన, కింద, రెండు పక్కలా తడవాలి. దుమ్ము కూడా పోతుంది. వేరు తాగే నీళ్ళే కదా, ఆకు కాదంటుందా. ఒక్క రోజు కూడా విడవకు.

రాణి మొన్న నీ ఫోటో గోడ మీది నుంచి దింపి తుడిచి మళ్ళీ పెట్టింది. "బాపుకు మీసాలు ఉంటయా ఇప్పుడు గూడ?" అని అడిగింది. ఉంటాయన్నాను. తీసేసి ఉంటే మళ్ళీ పెంచు.

వానలు మొదలైనప్పటి నుంచి నాకు దగ్గు పట్టుకుంది. తంబాకు ఘాటు, ఇంకేం కాదు. మెట్‌పల్లి డాక్టరు ఎక్స్‌రే తీయించుకొమ్మంటే తీయించుకున్నాను. అది పక్కన పెట్టు. జనవరి పన్నెండుకు క్యాలెండరులో సున్నా చుట్టి పెట్టాను. ఆ తేదీ తప్పకు. రాణిని నీ చేతిలో పెట్టాలి. ఎందుకని ఉత్తరంలో అడగకు, వచ్చినాక కూచొని మాట్లాడుకుందాం.

పెద్దదాన్ని కాబట్టి దీవెనలు,
ఎల్లవ్వ


దోహా,
12 నవంబరు 1996

అక్కా,

నీ మాట విన్నాను, నా దశ తిరిగింది. ఈ కవరులో ఒక ఫోటో, ఒక ఆకు పెట్టాను. ముందు ఫోటో చూసి తర్వాత ఉత్తరం చదువు.

చూశావా? ఆ ఎరుపు రంగు సీసాలోది కాదు. నువ్వు రాసినట్టే పొద్దూకగానే రోజూ బావి నీళ్ళు ఆకు మీద చల్లాను. పదిహేను రోజులకు ఆకు పసుపు తిరిగింది, నెల అయ్యేసరికి కుంకుమ, కాషాయం, ఎరుపు. నలభై చెట్లూ అట్లా మండుతుంటే ఈ ఇసుక దేశంలో నా కళ్ళు నేనే నమ్మలేదు. ముందు భయపడ్డాను. కానీ అర్బాబ్ కారు ఆపి దిగి చాలాసేపు చూసి "జమీల్, జమీల్" అన్నాడు. బాగుంది అని. నా భుజం తట్టాడు. అర్బాబ్ చెయ్యి నా భుజం మీద పడటం ఇదే మొదలు.

ఇప్పుడు సాయంత్రమైతే కార్లు వస్తున్నాయి అక్కా. ఆడవాళ్ళు, పిల్లలు దిగి ఆకుల కింద నిలబడి ఫోటోలు దిగుతున్నారు. రాస్ లఫాన్ గ్యాస్ పనుల మీద వచ్చిన ఒక జపాను ఇంజినీరు భార్య అయితే చెట్టును చూసి కళ్ళు తుడుచుకుంది. వాళ్ళది పెద్ద పట్నమట. ఈ కాలంలో అక్కడ ఆకులు ఎర్రబడితే ఊరంతా పని మానుకొని సద్దులు కట్టుకొని చూడటానికి పోతారట. ఆకులు చూడటానికే ఒక పండగ. మనకు బతుకమ్మకు పూలున్నట్టు వాళ్ళకు ఆకులు కాబోలు. ఈ ఫోటో ఆమే తీసి, కడిగించి తెచ్చిచ్చింది. చొక్కా నాది కాదు, అంజిది. మన పక్క ఊరి అంజి శుక్రవారం రాస్ లఫాన్ నుంచి వచ్చినప్పుడు అడిగి తొడుక్కున్నాను.

ఒక్క చిన్న మాట. పండగకు, అంటే ఫిబ్రవరిలో వచ్చే రంజాన్ పండగకు, అర్బాబ్ ఇంటికి వేరే దేశపు చుట్టాలు వస్తున్నారు. వాళ్ళకు ఈ చెట్లు చూపించాలట. అంతదాకా ఉండమన్నాడు. నేను సరేనన్నాను. జనవరి కాకపోతే మార్చి, రెండే నెలలు. కష్టపడ్డ వాడికి మంచి పేరు రావడం ఎంత అరుదో నీకు తెలుసు. కోప్పడకు.

రాణికి ఆ ఆకు ఇవ్వు. బాపు పెంచిన ఆకు అని చెప్పు.

నీ లింబాద్రి


తాళ్ళపేట,
3 డిసెంబరు 1996

తమ్ముడు లింబాద్రికి,

ఫోటో చూశాను. కూట్లో రాయి తీయలేనివాడు ఏట్లో రాయి తీయబోయాడట. ఇక్కడ ఇల్లు ఎట్లా ఉందో అడగకుండా నువ్వు అక్కడ ఆకులు చూసుకుంటూ మురిసిపోతున్నావు. రెండే నెలలు అని ఎంత తేలిగ్గా రాశావు. చాలా కోపమొచ్చి ఉత్తరం రెండు రోజులు ముట్టలేదు.

తర్వాత ఆ ఆకు తీశాను. చేతిలోకి ఏ ఆకు వచ్చినా తడిపి చూడటం నాకు అలవాటు, నీకు తెలుసు. తడిపి, బీడీలకు ఆకు కత్తిరించే రేకు మీద పరిచి పెట్టాను. తెల్లారి చూస్తే రేకు మీద తెల్లటి పొడి పేరుకొని ఉంది. వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పురా. ఉత్త ఉప్పు.

మన బడి వెనుక బాదం ఎర్రబడేది మాఘంలో. ఆకంతా ఒక్క తీరుగా, నున్నగా ఎర్రబడుతుంది. కార్తీకంలో, అంచు నుంచి లోపలికి ఇట్లా రాదు. నీ ఆకుకు అంచు మాడి ఉంది. ఆ బావి సముద్రం పక్కదని నాకెందుకు రాయలేదు? కాదు, రాశావు, నేనే పట్టించుకోలేదు. ఉప్పునీళ్ళు వేరు ఓర్చుకుంటుందేమో కానీ ఆకు మీద ఆరితే కాలుతుంది. నువ్వు చూపిస్తున్నది రంగు కాదు, పుండు. ఆ పుండు నా మాటతో పడింది. ఈ ఉత్తరం అందిన పూటే చల్లడం ఆపు. మంచినీళ్ళు దొరికితే ఆకు కడుగు.

ఇప్పుడు రెండో మాట. దాచి లాభం లేదు. నాకు టీబీ. ఎక్స్‌రేలో రెండు పక్కలా ఉంది. బతుకమ్మ నాడు దగ్గుతో నెత్తురు పడింది. డాక్టరు "పిల్లని పక్కల పండవెట్టుకోకు" అన్నాడు. అందుకని రాణిని పక్కింటి లసుమవ్వ దగ్గర పడుకోబెడుతున్నాను. తిండీ అక్కడే. అది రాత్రి గోడ అవతలి నుంచి "అత్తా, పన్నవా?" అని అడుగుతుంది. పడుకున్నానని చెప్తాను.

మందులు తింటే తగ్గే రోగమే. కానీ తిండికి బీడీలు చేయాలి, బీడీలు చేస్తే తంబాకు పీల్చాలి. సేటుకు తెలిస్తే ఆకు ఇవ్వడం ఆపేస్తాడు. నాకేమైనా అయితే దాన్ని లసుమవ్వ ఎన్ని రోజులు సాకుతుంది? పొద్దు గడవక దానికీ చాట చేతికిస్తారు. ఆ చాట దాని ఒళ్ళో పడకూడదు, నాకు అదొక్కటే. జనవరిలోనే రా లింబాద్రీ. మార్చి అనకు.

అక్క


దోహా,
6 డిసెంబరు 1996

అక్కా,

నీ దగ్గర నుంచి ఇంకా జవాబు లేదు. నీ ఉత్తరానికి బదులు అంజికి వాళ్ళింటి నుంచి ఉత్తరం వచ్చింది. అందులో మన రాణి సంగతి రాశారు. పిల్ల లసుమవ్వ ఇంట్లో తింటోందట, అక్కడే పడుకుంటోందట. అత్త గుమ్మంలోకి కూడా రానివ్వడం లేదట. అంజి నలుగురి ముందు చదివాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అక్కా, బరువైతే బరువని ఒక్క మాట రాయాల్సింది. ఎంత కష్టంలో ఉన్నా నా బిడ్డను పక్కింటి వాళ్ళ పంచన పడేస్తావని కలలో కూడా అనుకోలేదు. రాణిని నా చేతిలో పెట్టాలన్నావు, ఎందుకని అడగొద్దన్నావు. ఇప్పుడు అర్థమైంది ఎందుకో. మార్చిలో వచ్చి తీసుకుపోతాను. నీకు ఆ భారం ఉండదు.

చెట్లు ఈ వారం ఆకు రాలుస్తున్నాయి. పొద్దున ఊడ్చిన చోట మధ్యాహ్నానికి మళ్ళీ నిండుతోంది. తడి చాలడం లేదేమోనని రోజుకు రెండుసార్లు చల్లుతున్నాను.

లింబాద్రి


దోహా,
8 జనవరి 1997

అక్కా, నా తల్లీ,

నీ ఉత్తరం డిసెంబరు ఇరవైన అందింది. నేను ఆరో తారీఖున రాసిన ఉత్తరం నీకు చేరకుండా దారిలో ఎక్కడైనా తగలబడి ఉంటే బాగుండు. చేరి ఉంటే చింపెయ్యి. అంత మాట అన్న నోరు ఇది. అన్నం తినబుద్ధి కావడం లేదు దీనితో.

నువ్వు చెప్పిన పూటే చల్లడం ఆపాను. బావి దగ్గరికి పోయి నీళ్ళు నాలుక మీద వేసుకున్నాను. రెండేళ్ళుగా ఈ సముద్రం పక్కన ఉండి ఒక్కసారి రుచి చూడలేదు చూడు. చెట్టు బతుకుతోంది కదా, నీళ్ళు మంచివే అనుకున్నాను. క్యాంపులో తాగేందుకిచ్చే నీళ్ళు డబ్బాల్లో పట్టుకొని బస్సులో తీసుకుపోయి, గుడ్డ ముంచి ఆకాకూ తుడిచాను. గదిలో అందరూ పిచ్చివాడన్నారు. తర్వాత వాళ్ళే తలా ఒక డబ్బా మోశారు. సగం ఆకు రాలిపోయింది, సగం నిలిచింది. మొన్న నాలుగో తారీఖున కొమ్మల చివర్లు చూస్తే చిలక ముక్కంత చిగుళ్ళు. నలభైకి నలభైలోనూ వేశాయి అక్కా. లెక్కపెట్టుకుంటూ ఏడ్చాను.

ఆ సంతోషం ఒక్క పూటే. నీ ఉత్తరం పట్టుకొని లియాఖత్ అలీ దగ్గరికి పోయాను. మా అక్కకు బాగాలేదు, పన్నెండుకే పంపించమని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. చెట్లను కాల్చింది నేనేనని కూడా చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత, "చూడు భాయ్, అర్బాబ్‌కు వేర్లు, చిగుళ్ళు తెలియవు. ఎర్ర చెట్లు ఏవి అని నిన్న రెండుసార్లు అడిగాడు. చుట్టాలకు మాటిచ్చాడు. ఎరుపు చూపిస్తే పండగ రోజే నీ కాగితం మీద సంతకం. పచ్చగా చూపిస్తే ఎండాకాలం దాకా ఆయన ముందు నీ పేరు ఎత్తలేను" అన్నాడు.

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. చిగురు వేసిన చెట్టు మీద మళ్ళీ ఉప్పునీళ్ళు కొడితే ఈసారి బతకదని నాకు తెలుసు. నువ్వు ఎట్లా ఉన్నావో రాయి. నిజం రాయి. మందులు తింటున్నావా? తంబాకు మానేశావా? నేనేం చెయ్యాలో నువ్వే చెప్పు, ఇంతదాకా ఏ పనైనా నిన్నడిగే చేశాను.

నీ లింబాద్రి


తాళ్ళపేట,
26 జనవరి 1997

చిన్నవాడివైనా పెద్ద మాటలు నేర్చిన తమ్ముడికి,

నీ ఆరో తారీఖు ఉత్తరం కూడా వచ్చింది. చింపలేదు. పొయ్యి మీద అటకలో పెట్టాను, నువ్వు వచ్చినాక నీ చేత చదివించి నీ చెవి మెలిపెడతాను. నిజం తెలియనివాడు ఆ మాటే అంటాడు, నీ తప్పేం లేదు.

నేను బాగున్నాను. ఎర్రటి మాత్రలిచ్చారు, పరగడుపున వేసుకుంటున్నాను. నీకక్కడ ఆకులు ఎరుపు, నాకిక్కడ మాత్రలు ఎరుపు. దగ్గు సగానికి సగం తగ్గింది. కార్ఖానాకు పోవడం మానేశాను, లసుమవ్వ రెండు పూటలా జొన్న గటక పంపిస్తోంది. రాణి వాకిట్లో నిలబడి పుస్తకం చదివి వినిపిస్తుంది. మధ్యలో నేను నిద్రపోతే గట్టిగా దగ్గి లేపుతుంది, నన్ను చూసి నేర్చింది.

అడిగావు కాబట్టి చెప్తున్నాను. ఆ చెట్లను మళ్ళీ ముట్టకు. నోరు లేని జీవాలు. చచ్చేంత దెబ్బ తిని కూడా నీ చేతి నీళ్ళు తాగి చిగురేశాయంటే, నీ మీద ఎంత నమ్మకం పెట్టుకున్నాయో ఆలోచించు. మొదటిసారి కాలింది నా మాటతో. తెలియక చెప్పాను, తెలియక చేశావు. రెండోసారి కాలితే అది తెలిసిన చేతితో. ఆ చేతితో వచ్చి రాణి తల నిమురుతావా? ఎండాకాలం దాకా అంటే ఎండాకాలం దాకా. నేను ఆగుతాను. ఇంతకాలం ఆగలేదా?

నలభై చెట్లకు చిగుర్లొచ్చాయని చదివిన రోజు నాకు ఒక ముద్ద ఎక్కువ పోయింది. అది నిజం.

అక్క ఎల్లవ్వ


దోహా,
12 ఫిబ్రవరి 1997

అక్కా,

నీ ఉత్తరం ఎనిమిదో తారీఖున వచ్చింది. నేను జనవరి పదిహేనునే పైపు ఎత్తాను.

నీ జవాబు కోసం ఆగలేకపోయాను. ఎండాకాలం దాకా నువ్వు ఉంటావని నాకు నమ్మకం లేదు. అప్పటికే అంజికి వాళ్ళింటి నుంచి మళ్ళీ ఉత్తరం వచ్చింది. నువ్వు లేచి కూచోలేకపోతున్నావని, బట్టలన్నీ నెత్తురని అందులో ఉంది. దగ్గు సగం తగ్గిందని రాసిన అక్కవు నువ్వు. ఇద్దరం ఒకరికొకరం అబద్ధాలు రాసుకుంటూ రెండేళ్ళు గడిపాము.

రంజాను నెలంతా సగం పూటే డ్యూటీ. మిగతావాళ్ళు గదిలో పడుకుంటే నేను బావి మోటారు వేసి చల్లాను. చిగుళ్ళు ముందు నల్లబడ్డాయి. విప్పుకోకముందే ముడుచుకున్నాయి. పాత ఆకు పసుపు తిరిగి, తర్వాత నువ్వు చూసిన ఎరుపే. ఎవరూ నా చేయి పట్టుకొని చేయించలేదు. మోటారు స్విచ్ నేనే వేశాను. ఒక్కో చెట్టు దగ్గర నిలబడి తప్పైందని చెప్పి మరీ చల్లాను. పండగకు సరిగ్గా దారంతా ఎర్రగా అయింది. చుట్టాలు వచ్చారు, కార్లు దిగారు, "మాషా అల్లా" అన్నారు. పిల్లలు రాలిన ఆకులు గుప్పిళ్ళతో ఎగరేశారు. ఇంత అందం ఇక్కడ ఎట్లా వచ్చిందని ఒక్కరూ అడగలేదు. అర్బాబ్ ఆ సాయంత్రమే నా కాగితం మీద సంతకం పెట్టాడు, పైన తీయటి ఖర్జూరాల పెట్టె కూడా ఇచ్చాడు.

జపాను ఇంజినీరు భార్య కూడా వచ్చింది. ఈసారి ఫోటో తీయలేదు. ఒక ఆకు తెంపి అంచు చూసింది, వేలితో రుద్దింది. తర్వాత నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆకును ఆకులాగా చూసింది నీ తర్వాత ఆమె ఒక్కతే.

నిన్న బెరడు గోటితో గీరి చూశాను. లోపల పచ్చదనం లేదు. వరసగా చూసుకుంటూ పోయాను. పదిహేడో చెట్టు దగ్గర ఆపేశాను, ఇక చూడలేక.

ఇరవై ఏడున బొంబాయికి విమానం. మార్చి ఒకటికల్లా ఇంట్లో ఉంటాను. నువ్వు రాసిన మాట చదివాను, తెలిసిన చేతి సంగతి. ఏం చెయ్యను అక్కా, నాకున్నవి ఈ చేతులే. వీటితోనే వస్తున్నాను. వచ్చినాక కొట్టు, తిట్టు, రాణిని ముట్టొద్దను. ఆగుతానన్నావు కదా. నేను వచ్చేదాకా ఆగు.

లింబాద్రి


తాళ్ళపేట,
20 ఫిబ్రవరి 1997

తమ్ముడు లింబాద్రికి,

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. లసుమవ్వ చేతికిస్తున్నాను, నువ్వు రాగానే ఇస్తుంది. నన్ను పట్నం పెద్ద దవాఖానకు తీసుకుపోతున్నారు. జీపు కోసం చూస్తూ అరుగు మీద ఆనుకొని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే నవ్వకు. భయపడకు, అక్కడ మందులు బాగుంటాయట.

నీ ఉత్తరం ఇంకా రాలేదు. అంజి మొన్న మెట్‌పల్లి ఫోను దుకాణానికి చేసి చెప్పాడట, వాళ్ళ అన్న సైకిలు మీద వచ్చి చెప్పాడు. "లింబాద్రికి సంతకం దొరికింది, ఇరవై ఏడుకు ఇమానం ఎక్కుతుండు" అని. ఆ మాట విన్నాక నాకు లేచి నిలబడాలనిపించింది, నిలబడ్డాను కూడా.

చూశావా, నేను చెప్పలేదా? చిగుళ్ళు చూస్తే ఎంత రాతి గుండెవాడైనా కరుగుతాడు. పచ్చగా ఉన్నా సంతకం పెట్టాడా లేదా? నువ్వు నా మాట విని ఆగినందుకే దేవుడు దారి చూపాడు. నిన్ను ఎన్నో తిట్టాను కానీ ఈ ఒక్క పనికి నీ కాళ్ళు కడిగినా తప్పులేదు.

రాణికి అంతా చెప్పాను. "మీ బాపు సచ్చిపోయే నలభై చెట్లను బతికిచ్చిండు" అంటే బడిలో అందరికీ చెప్పుకొచ్చింది. పంతులుకు కూడా చెప్పిందట. బడి వెనుక బాదం ఇప్పుడు ఎర్రగా ఉంది, మాఘం కదా. దాని కింద నిలబడి, ఇది మంచి ఎరుపు, మా అత్త చెప్పింది అని పిల్లలకు పాఠం చెప్తోందట. దానికి తల దువ్వేటప్పుడు చిక్కు గట్టిగా లాగకు, ఏడుస్తుంది. బీడీల చాట, కత్తెర, రేకు అన్నీ వాగులో వేయించాను. దాని చేతికి పుస్తకం తప్ప ఇంకోటి రానివ్వకు.

దవాఖానలో పక్క మంచాల వాళ్ళకు చెప్పుకోవడానికి నాకూ ఒక కథ దొరికింది. మా తమ్ముడు ఎడారిలో నలభై చెట్లను బతికించి వస్తున్నాడని చెప్తాను. జీపు వస్తోంది, చప్పుడవుతోంది.

నన్ను చూడ్డానికి వచ్చేటప్పుడు పండ్లు, బిస్కెట్లు మోసుకురాకు. ఆ చెట్ల నుంచి ఒక్క పచ్చాకు తెచ్చి ఉంటావు కదా, అది తీసుకురా. తడిపి నాలుకకు అద్దుకొని చూస్తాను. ఈసారి ఉప్పగా ఉండదు.

నీ అక్క,
ఎల్లవ్వ